నేస్తరికం కట్టిన రోజు

"లెగవే అమ్మా!"

"లెగను."

సోములమ్మ తెల్లారినప్పటి నుంచీ ఆ రేకుపెట్టె మీదే కూర్చుని ఉంది. కూతురి చీరలు, పుస్తకాలు, ఢిల్లీ నుంచి వచ్చిన సీటు కాగితం అన్నీ ఆవిడ కిందే ఉన్నాయి. అంబలి అక్కడే తాగింది. చుట్ట అక్కడే వెలిగించింది.

"రేపు మధ్యాహ్నం పాసింజరుకి నేను అరకు స్టేషన్లో ఉండాలి. సోమవారం లోపల చేరకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అంది రత్నాలు.

"ఎన్నిసార్లు సెప్పినా నాను లెగను. మీ నాన్న మాటిచ్చీసినాడు. మాటిచ్చీసినాక ఇంక పెట్టెందుకు, బండెందుకు?"

మాటిచ్చేశాడట! మామూలు మాటా అది?

మొన్న గెడ్డ దగ్గర నీళ్ళ కోసం జరిగిన కొట్లాటలో పనసవలస వాళ్ళ కర్రదెబ్బకి రాళ్ళగుడ పోలయ్య చెయ్యి విరిగింది. రాళ్ళగుడ ఎగువన ఉంది. గెడ్డ ముందు వాళ్ళ పొలాల్లోంచి పారి, ఆ తరవాతే పనసవలసకి దిగుతుంది. పోలయ్య అన్న సోంబరు ఆ ఊరికి పెద్ద. తమ్ముడి చేతికి కట్టు కట్టించి, ఆ కాళ్ళతోనే వెళ్ళి గెడ్డకి అడ్డంగా రాళ్ళూ మట్టీ వేయించేశాడు. ఇక్కడ పనసవలసలో నారుమడి నీళ్ళు లేక పసుపుబారి ఎండిపోతోంది. ఉబాలు, అంటే నాట్లు, ఆగిపోయాయి.

అప్పుడు పనసవలస పెద్ద మంగరాజు, అంటే మన రత్నాలు తండ్రి, రెండు ఊళ్ళ వాళ్ళ ఎదుటా నిలబడి, "నా గుంటని నీ కొడుకు భీముడికిచ్చెత్తాను. వియ్యపోళ్ళమైపోయాక ఇంక నీళ్ళ తగువేటుంటాది?" అనేశాడు. కూతుర్ని ఒక్క మాట అడగలేదు మహానుభావుడు.

ఈ మధ్యాహ్నం సోంబరు తన మనుషుల్ని వెంటబెట్టుకుని వస్తాడు. అందరూ కూర్చుని ఒకే కుండలోని జీలుగు కల్లు తాగుతారు. ఆ కల్లు గొంతు దిగిందంటే మాట వెనక్కి తీసుకోవడం ఈ కొండల్లో ఎవరి తరమూ కాదు.

"నాన్నేడీ?"

"పెరట్లో ఉన్నాడు. ఎల్లి అరువు. నీ అరుపులకి బెదిరిపోయే మనిసైతే కదా!"

* * *

మంగరాజు పెరట్లో గొడుగు అల్లుకోవడానికి వెదురు బద్దలు చీలుస్తున్నాడు. కూతురి అడుగుల చప్పుడు విన్నాడు గాని తల ఎత్తలేదు.

"నాన్నా, నేను వాల్తేరులో రెండేళ్ళు ఏం చదివానో నీకు తెలుసా?"

"తెల్దేటి? ఎమ్మే."

"ఎమ్మేలో ఏం చదివాను?"

మంగరాజు కత్తి ఆపి ఆలోచించాడు. పాపం, ఎవరూ ఎప్పుడూ అతనికి చెప్పలేదు.

"ఒక దేశానికీ ఇంకో దేశానికీ తగువులు ఎందుకొస్తాయి, ఎలా తీరతాయి, యుద్ధమయ్యాక ఒప్పందాలు ఎలా రాసుకుంటారు, అవన్నీ. అంతర్జాతీయ సంబంధాలంటారు. అదే ఢిల్లీలో ఇంకా పైకి చదవడానికి పిలిచారు."

"అంటే పెద్దరికం. అది నానిక్కడ పాతికేళ్ళ కాడి నుండి సేత్తనే ఉన్నాను. దానికి ఢిల్లీ ఎందుకే?"

రత్నాలుకి నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపూ వచ్చింది. కిందటి నెల ఢిల్లీలో ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు అయిదుగురు పెద్దమనుషులు బల్లకి అటువైపు కూర్చుని, ఒకే నది రెండు దేశాల్లో పారితే పేచీ ఎలా పుడుతుందని అడిగారు. పుస్తకంలోది ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. అప్పుడు గెడ్డ గురించి చెప్పింది. ఎగువ వాడికి కోపమొస్తే దిగువ వాడి కుండ ఎలా ఖాళీ అవుతుందో, దిగువ వాడు రాత్రిపూట వెళ్ళి గట్టు ఎలా తెగ్గొడతాడో వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. వాళ్ళలో పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఇంకా చెప్పమ్మా," అన్నాడు. పది రోజులకి సీటు కాగితం వచ్చింది. ఏ గెడ్డ గురించి చెప్పి సీటు తెచ్చుకుందో, ఆ గెడ్డే ఇప్పుడు ఆమెని ఇంట్లో కట్టి పడేసింది.

"నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళను నాన్నా."

మంగరాజు కత్తి కింద పెట్టాడు. "నారుమడి సూసినావా?"

"చూశాను."

"ఇరవై ఏడిళ్ళు. ఇంకో నాలుగు రోజులు నీళ్ళు నేకపోతే ఆకు మాడిపోద్ది. మళ్ళీ ఇత్తనం ఎవులిత్తారు? నీ ఒక్కదాని సదువు కోసం ఇరవై ఏడు పొయ్యిలు ఆర్పమంతావా? నువ్వే సెప్పు. సదువుకున్నావు కదా, సెప్పు."

తండ్రి తాగుబోతైనా, దుర్మార్గుడైనా ఎంత బాగుండేది! తిట్టి, తలుపు తన్ని వెళ్ళిపోయేది. ఆయన అడిగింది న్యాయంగా ఉంది. న్యాయంగా ఉండటమే ఆమె ప్రాణానికొచ్చింది.

"నన్ను అడిగి ఉండొచ్చు కదా," అంది చివరికి.

"అడిగితే ఒప్పుకుందువా?"

"లేదు."

"మరింకేటి?"

మంగరాజు మళ్ళీ బద్ద అందుకున్నాడు. పెరటి గోడ అవతల ఎవరో ఆడమనిషి ఖాళీ బిందె తీసుకుని, ఎవరినో తిట్టుకుంటూ పోయింది.

* * *

రత్నాలు పనసచెట్టు మొదట్లో గంటసేపు కూర్చుంది. పారిపోవడం గురించి ఆలోచించింది. స్టేషను ఎనిమిది మైళ్ళు. పెట్టె లేకపోయినా ఫరవాలేదు, కాగితం ఒక్కటుంటే చాలు. కాని తను బండెక్కిన మర్నాడు ఊళ్ళో ఏమవుతుందో అన్న దగ్గర ఆలోచన ఆగిపోయేది.

అప్పుడు వాల్తేరు క్లాసురూము జ్ఞాపకం వచ్చింది. బంగ్లాదేశ్ యుద్ధమైన మరుసటేడు తను అక్కడ చేరింది. మేష్టారు సిమ్లా ఒప్పందం గురించి చెబుతూ చెబుతూ పాత రాజుల మీదికి వెళ్ళారు. వెనకటి రాజులు సంధి చేసుకోవాలంటే కూతుళ్ళని ఇచ్చుకునేవారట. "మనిషిని పెట్టి కొన్న శాంతి ఆ మనిషి ఉన్నంతకాలమే," అన్నారు. తరవాత తరవాత లోకం ఇంకా వేరే దారులు కనిపెట్టిందన్నారు.

వేరే దారి! ఈ కొండల్లో లేదా ఏమిటి వేరే దారి?

రత్నాలు చివాల్న లేచి నిలబడింది.

నేస్తరికం ఉంది కదా! చుట్టరికం లేని ఇద్దరు మగవాళ్ళు పూజారి ఎదుట నేస్తం కట్టుకుంటే తోడబుట్టిన వాళ్ళకంటే ఎక్కువవుతారు. ఒకడి చావుకి రెండోవాడు తల గొరిగించుకుంటాడు. నేస్తాల మధ్య తగువు ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఒకడి బిడ్డలు రెండోవాడి బిడ్డలకి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ అవుతారు. వాళ్ళ మధ్య పెళ్ళి మాట నోట అనడమే పాపం.

అంతకంటే ఏం కావాలి? గెడ్డా వస్తుంది, పెళ్ళీ తప్పుతుంది. మొత్తానికి మన రత్నాలు తెలివైనదే. ఎంత తెలివైనదో కాస్సేపట్లో చూద్దురుగాని.

* * *

మధ్యాహ్నానికి రాళ్ళగుడ వాళ్ళు వచ్చారు. మంగరాజు వాకిట్లో అటు పదిమంది, ఇటు పదిమంది కూర్చున్నారు. మధ్యలో కల్లుకుండ ఉంది. దాని పక్కన దిసారి గాసి. రెండు ఊళ్ళకీ మంచి రోజులు చూసేదీ, దేవతకి పూజ చేసేదీ అతనే.

సోంబరు పొడుగ్గా, ఎండిపోయినట్టుంటాడు. వచ్చిన దగ్గర్నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. అతని పక్కన కొడుకు భీముడు కాఫీ తోట కాపలావాడి ఖాకీచొక్కా వేసుకుని, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు.

గాసి అడ్డాకు దొప్పలో కల్లు వంచబోతుంటే రత్నాలు గుమ్మం దాటి బయటికి వచ్చింది.

"ఒక్క మాట చెప్పాలి."

"లోనికి పో!" అన్నాడు మంగరాజు.

"సెప్పనీ," అన్నాడు సోంబరు. అదే అతని మొదటి మాట.

"నన్ను భీముడికిచ్చి చేస్తే నీళ్ళ తగువు తీరిపోతుందా?" రత్నాలు సోంబరు వైపు తిరిగింది. "రేపు మా ఇద్దరికీ పడదు. నేను అలిగి పుట్టింటికి వచ్చేస్తాను. మర్నాడు గెడ్డ కట్టేస్తారు. మొగుడూ పెళ్ళాల కాపురం మీద రెండు ఊళ్ళ తిండి పెడతారా? మీరూ మా నాన్నా నేస్తరికం కట్టుకోండి. అది చచ్చేదాకా తెగదు. చచ్చాక కొడుకుల దాకా వస్తుంది."

ఎవరో మగవాడు, "ఇదేటి, ఆడగుంట పెద్దరికం సేత్తన్నాది!" అన్నాడు గాని, ఆ మాటకి వంత పాడినవాడు లేడు.

గాసి దొప్ప పక్కన పెట్టాడు. "గుంట సెప్పింది తప్పు నేదు. నేస్తం పొలానికి నీళ్ళు ఆపీసినోడు నానెరిగి ఏ కొండలోనూ నేడు."

"నాకూ అదే బాగున్నాది నాన్నా!" అన్నాడు భీముడు, ఎవరూ అడక్కుండానే. "ఈ గుంట మన ఇంటికొత్తే రోజూ పొద్దున్నే నాకు పాఠం సెప్తాది. నాను పడనేను."

అందరూ గొల్లున నవ్వారు. మంగరాజు కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. సోంబరు ఒక్కడే నవ్వలేదు. రత్నాలు ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"నేస్తరికం కడితే నువ్వు నాకేటవుతావు?"

"కూతుర్ని."

"నోటి మాటకి కాదు. నిజింగా కూతురివి. ఎరికేనా?"

"ఎరికే," అంది రత్నాలు, ఎప్పుడు అయిపోతుందా అన్న ఆత్రంలో.

అయిపోయింది. గాసి ఇద్దరి నెత్తి మీదా పసుపు బియ్యం చల్లాడు. సోంబరు తలపాగా మంగరాజు తలకీ, మంగరాజుది సోంబరు తలకీ ఎక్కాయి. ఒకే దొప్పలో కల్లు ఇద్దరూ తాగారు. ఇంక బతికున్నన్నాళ్ళూ ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు.

"నేస్తం," అన్నాడు మంగరాజు, మొదటిసారి గనక కొంచెం సిగ్గుపడుతూ.

"నేస్తం," అన్నాడు సోంబరు. తన వాళ్ళలో ఇద్దరిని పిలిచి, "ఎల్లి గెడ్డ ఇప్పీండి. బేగి ఎల్లండి," అన్నాడు.

భీముడు లేచి వచ్చి, "ఏటి సెల్లీ, బతికించినావు," అని నవ్వాడు.

రత్నాలుకి ఒళ్ళు తేలికైపోయింది. మంగరాజు ఆమె పక్కనుంచి పోతూ, ఎవరికీ వినపడకుండా, "పెట్టె సర్దుకో. రేపు నానే టేసనుకి దిగబెడతాను," అన్నాడు. ఆ మాటకి ఆమెకి నిజంగానే కన్నీళ్ళు వచ్చాయి. సోములమ్మ కూడా ఇంక చేసేది లేక, మోకాళ్ళు పట్టుకుని, "అబ్బా, అబ్బా," అంటూ పెట్టె మీంచి లేచింది.

* * *

భోజనాలకి కూర్చుంటూ సోంబరు లోపలికి చూశాడు.

"ఆ పెట్టెవులిది?"

"మా గుంటదే నేస్తం," అన్నాడు మంగరాజు. "రేపు ఢిల్లీ ఎల్తాది సదువుకి. దేశాల తగువులు తీర్సే సదువంట!" అతని గొంతులో గర్వం మొదటిసారి బయటపడింది.

"ఎన్నాళ్ళు?"

"రెండేళ్ళు," అంది రత్నాలు. "ఆ తరవాత పరిశోధన చేస్తే ఇంకో మూడేళ్ళు."

సోంబరు విస్తరి ముందునుంచి లేచిపోయాడు.

"నాను పంపను."

మంగరాజుకి అర్థం కాలేదు. "ఏటి నేస్తం?"

"నీకు కూతురైతే నాకూ కూతురే కదా. నానూ ఒప్పుకోవాల కదా. నానొప్పుకోను. పంపను."

"ఇదెక్కడి న్యాయం!" రత్నాలు అరిచింది. "మీరెవరు నన్ను ఆపడానికి?"

"ఇందాక నువ్వే సెప్పినావు కదే తల్లీ, నానెవులినో."

రత్నాలు గాసి వంక తిరిగింది. గాసి నేల చూపులు చూస్తూ అన్నాడు. "నేస్తాల బిడ్డలకి ఇద్దరు తండ్రులు. పెళ్ళికైనా, కొండ దిగి దూరం ఎల్లడానికైనా ఇద్దరూ ఊఁ అనాల. అనాదిగా అంతే. ఒక నేస్తం వద్దన్నది రెండో నేస్తం సేత్తే నేస్తరికం తెగిపోద్ది. నీకు తెల్దేటమ్మా?"

తెలియదు. పెళ్ళి ఎలా తప్పుతుందో అంతవరకే ఆలోచించింది. సంతకం పెట్టే ముందు షరతులన్నీ చదవాలని రెండేళ్ళు నోట్సు రాసుకున్న పిల్ల, తన ఊరి ఒప్పందంలో ఏముందో ఎవరినీ అడగలేదు. అడగడానికేముంది, మనదే కదా అనుకుంది.

"నా మీద పగ తీర్చుకుంటున్నారా? మీ తమ్ముడి చెయ్యి విరిగినందుకా?"

"పగేటి!" సోంబరు గుమ్మానికి చేరగిలబడ్డాడు. "నాకొక గుంట ఉన్నాది. బుదరి. ఉండేది. అస్సాం తేయాకు తోటలకి మనుసుల్ని తీసుకెల్లీవోడొకడు సంతలో కలిసినాడు. రెండేళ్ళంతే రెండేళ్ళే అన్నాడు. నానే పంపినాను. ఏడేళ్ళయిపోనాది. ఉత్తరం నేదు, కబురు నేదు. ఉన్నాదో పోనాదో తెల్దు. దాని యమ్మ ఇప్పటికీ రైలు కూత ఇంటే బయిటికొచ్చి నిలబడతాది."

సోములమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

"ఆ వేళ ఎవులో ఒకలు వొద్దనుంటే నాను పంపకపోదును. ఎవులూ అననేదు. అందుకే నానంతన్నాను. వొద్దు."

"ఇది తేయాకు తోట కాదు," అంది రత్నాలు. "సర్కారు కాలేజీ. హాస్టలు ఉంటుంది. నెలనెలా ఉత్తరం రాస్తాను. సెలవులకి వస్తాను."

"ఆడూ అలగే సెప్పినాడు."

ఎన్ని విధాల చెప్పినా అదే మాట. కోపం లేదు, అరుపు లేదు. కోపమైతే ఎదురు తిరగొచ్చు.

ఇంక ఒక్కటే మిగిలింది. ఎదుటివాడికి ఏది కావాలో అది ముందు ఇవ్వాలి, అప్పుడు మనకి కావలసింది అడగాలి. ఇదీ మేష్టారు చెప్పిందే. రత్నాలు నాలుగడుగులు వేసి సోంబరు ఎదుట నిలబడింది. వాల్తేరులో నేర్చిన మాటతీరు వదిలేసింది.

"నాన్నా," అంది. "నాను నీ కూతుర్నే. మరి కూతురు అడిగితే ఇవ్వవేటి? నన్నంపు నాన్నా."

సోంబరు ముఖం అదిరింది. అంత పొడుగు మనిషీ గుమ్మం దగ్గరే కూలబడిపోయి, ఆ పిల్ల చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.

"ఇంకోపాలి అను. ఏడేళ్ళయిపోనాది తల్లీ ఆ మాటిని. ఇంకోపాలి అను."

ఒప్పించడానికన్న మాట అది. అది ఆయనకి ఎక్కడ తగిలిందో చూశాక రత్నాలుకి సిగ్గేసింది. రెండోసారి అనలేకపోయింది.

అంతలో దిగువనుంచి కేకలు వినిపించాయి.

"నీళ్ళు! నీళ్ళొచ్చీసినాయి! గెడ్డొచ్చీసినాదిరో!"

వాకిలి ఒక్కసారి ఖాళీ అయిపోయింది. విస్తళ్ళు ఎక్కడివక్కడ వదిలేసి అందరూ పొలాలకి పరుగెత్తారు. రాళ్ళగుడ వాళ్ళూ, పనసవలస వాళ్ళూ కలిసే పరుగెత్తారు. భీముడు అందరికంటే ముందున్నాడు. సోములమ్మ మోకాళ్ళ నొప్పి మరిచిపోయి, "సూడే రత్నాలూ, నీ మూలంగానే కదే, రావే," అని పిలుస్తూ గట్టు దిగింది.

మంగరాజు గుమ్మం దగ్గర ఆగాడు. ఏడుస్తున్న నేస్తాన్ని చూశాడు, కూతుర్ని చూశాడు.

"నాను ఒద్దన్నప్పుడు నువ్వెల్లిపోయుంటే ఊరు నన్ను తిట్టును. నాను పడుదును," అన్నాడు నెమ్మదిగా. "ఇప్పుడెల్తే ఆ గెడ్డ మళ్ళీ ఆగిపోద్ది. నువ్వు కట్టిన నేస్తరికం తల్లీ ఇది. నా సేతిలో ఏటీ నేదు."

ఆయన కూడా పొలం వైపు వెళ్ళిపోయాడు.

ఇంట్లో ఇద్దరే మిగిలారు. సోంబరు ఏడుపు తగ్గింది గాని చెయ్యి వదల్లేదు. నీళ్ళ చప్పుడు ఇంటిదాకా వినపడుతోంది, జనం కేరింతలు వినపడుతున్నాయి. పట్టుకున్నది ముసలి చెయ్యి, అందులో బలం లేదు. కాస్త లాగితే వచ్చేస్తుంది.

రత్నాలు లాగలేదు.